పీజీ రెండేళ్లలో వృత్తికి సిద్ధం కావడం ఎలా: గోదావరి డెల్టా విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

రాజమహేంద్రవరం, కాకినాడ, తాడేపల్లిగూడెం, భీమవరం, అమలాపురం, నరసాపురం వంటి ఊళ్లలో ఎమ్మెస్సీ, ఎంఏ, ఎంకాం చదువుతున్న విద్యార్థుల కోసం రాసిన మార్గదర్శి ఇది. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత పీజీ సీటు డెల్టా విద్యార్థుల ఇంటి దగ్గరికి వచ్చింది. కానీ వేసవి ఫెలోషిప్‌లు, ప్రాజెక్టులు, పరిశోధన సంస్థల్లో శిక్షణ వంటి అవకాశాల సమాచారం అంత దగ్గరికి రాలేదు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదివేవారికి నోటీసు బోర్డు ద్వారానో, సీనియర్ల ద్వారానో కొంతైనా తెలుస్తుంది. అనుబంధ కళాశాలల్లో చదివేవారికి చాలాసార్లు గడువు దాటాకే తెలుస్తుంది. చేజారిన అవకాశాల్లో ఎక్కువ భాగం ప్రతిభ చాలక పోయినవి కావు, తేదీ తెలియక పోయినవి. అందుకే తేదీలతోనే మొదలుపెడుతున్నాను.

మొదటి మెట్టు: చేరిన వారంలోనే తేదీలు రాసుకోండి

పీజీని రెండేళ్ల చదువు అంటాం గాని, అవకాశాల లెక్కన చూస్తే చేతిలో ఉండే కాలం అంతకన్నా బాగా తక్కువ. పీజీసెట్ కౌన్సెలింగ్ ముగిసి తరగతులు మొదలయ్యే సరికి ఏడాదిలో సగం గడిచిపోతుంది. నాలుగో సెమిస్టరు ప్రాజెక్టుతోనూ పరీక్షలతోనూ నిండిపోతుంది. రెండింటి మధ్య మీకు పూర్తిగా దొరికే వేసవి ఒక్కటే, ఆ వేసవికి దరఖాస్తు చేయవలసింది అంతకు ముందు నవంబరులో. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ దరఖాస్తులు సాధారణంగా నవంబరు చివరికి ముగుస్తాయి. తరగతులు ఆలస్యంగా మొదలైన ఏడాది, మీరు కళాశాలలో చేరిన కొద్ది వారాలకే ఆ గడువు వచ్చేస్తుందన్నమాట.

మిగిలిన తేదీలు కూడా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లోని కోర్సులు జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి మొదలవుతాయి. అధ్యాపక, పరిశోధన అర్హత పరీక్షలైన యూజీసీ నెట్, సీఎస్‌ఐఆర్ నెట్ (ఇది శాస్త్ర విషయాలకు) ఏడాదికి రెండేసి సార్లు జరుగుతాయి. గేట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతాల్లో తెరుచుకుంటాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఏటా కొద్ది రోజుల తేడా రావచ్చు గనక ఆయా సంస్థల అధికారిక వెబ్‌సైట్లనే చూడాలి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన నోటిఫికేషన్‌ను నమ్మి ఆగిపోకూడదు.

వీటితో పాటు సర్టిఫికెట్లు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, ఈడబ్ల్యూఎస్ పత్రం వంటివాటిలో మీకు వర్తించేవి ముందే తెచ్చి పెట్టుకోండి. కేంద్ర సంస్థలు కోరే నమూనా, రాష్ట్రంలో ఇచ్చే నమూనా వేర్వేరుగా ఉండవచ్చు. గడువుకు రెండు రోజుల ముందు సచివాలయానికి పరుగెత్తితే పని జరగదు.

రెండో మెట్టు: ఏ దారిలో వెళ్తారో తాత్కాలికంగానైనా నిర్ణయించుకోండి

పరిశోధన, అధ్యాపక వృత్తి, పరిశ్రమ, ప్రభుత్వ ఉద్యోగం అని నాలుగు దారులు అనుకుందాం. మొదటి సెమిస్టరు ముగిసేలోగా వీటిలో ఒకదానిని ప్రధానంగా, మరొకదానిని ప్రత్యామ్నాయంగా పెట్టుకుంటే చాలు. తరువాత మారవచ్చు, మారితే నష్టమేమీ లేదు. ఏదీ నిర్ణయించుకోకుండా కనిపించిన ప్రతి వెబినారులోనూ పేరు నమోదు చేసుకుంటే మాత్రం కాలం పోతుంది. గంటసేపు విని, ఒక ఫారం నింపితే మెయిలుకు వచ్చే ఈ-సర్టిఫికెట్లు ముప్ఫై కూడబెట్టినా ఇంటర్వ్యూలో వాటి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేయరు. మొదటినుంచి చివరిదాకా మీ చేతులతో చేసిన ఒక్క పని ఉంటే, ఇంటర్వ్యూ మొత్తం దాని చుట్టూనే నడుస్తుంది. ఈ మార్గదర్శిలో ఇకపై చెప్పేదంతా ఆ ఒక్క పనిని సంపాదించుకోవడం గురించీ, దానిని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలగడం గురించీ.

మూడో మెట్టు: లోటును స్వయం కోర్సులతో పూడ్చుకోండి

మీ కళాశాలలో గణాంక శాస్త్రం బోధించేవారు లేకపోవచ్చు, పరికరాల వాడకం సిలబస్‌లో రెండు పేజీలతో సరిపెట్టి ఉండవచ్చు. అలాంటి లోటుకు స్వయం కోర్సులు, అందులో భాగంగా ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు మంచి విరుగుడు. ఐఐటీల వంటి సంస్థల అధ్యాపకులు చెప్పే ఈ పాఠాలు నాలుగు, ఎనిమిది లేదా పన్నెండు వారాలపాటు సాగుతాయి. వినడం ఉచితం, పరీక్ష రాయదలిస్తేనే రుసుము కట్టాలి. ఎన్‌పీటీఈఎల్‌లో తుది మార్కుల్లో 25 శాతం వారంవారీ అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షకు ఉంటాయి. ఇంట్లో కూర్చుని అన్నీ వదిలేసి చివర పరీక్ష ఒక్కటీ గట్టెక్కుదామంటే కుదరదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేసుకునే వీలును విశ్వవిద్యాలయాలు కల్పించవచ్చు. అయితే ఆ క్రెడిట్లు మీ మార్కుల జాబితాలోకి రావాలంటే కోర్సు మొదలయ్యే ముందే విభాగాధిపతి గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. సెమిస్టరుకు ఒక్క కోర్సు చాలు. శాస్త్ర విద్యార్థులకు ప్రయోగాల రూపకల్పన, గణాంకాలు, ఆర్ లేదా పైథాన్ భాష ఉపయోగపడతాయి. సామాజిక శాస్త్రాలవారికి సర్వే పద్ధతులు, తెలుగు, చరిత్ర విద్యార్థులకు పరిశోధన పద్ధతులు, డిజిటల్ భాండాగారాల నిర్వహణ పనికివస్తాయి.

నాలుగో మెట్టు: డెల్టాలోనే ఒక పని ఎంచుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మంచి ప్రాజెక్టు అంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో చేయవలసిందేనని మన విద్యార్థుల్లో ఒక అభిప్రాయం బలంగా ఉంది. కానీ ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సముద్రం దాకా మూడు డెల్టాలకు నీరందించే కాలువలు, వాటి కింద వరి చేలు, చేపల, రొయ్యల చెరువులు, లంకలు, కొబ్బరి తోటలు, కోరింగ మడ అడవులు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతంలో చదువుతూ, ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో ప్రాజెక్టును పేరు మార్చి సమర్పించడం విద్యార్థికే పెద్ద నష్టం.

కొన్ని ఉదాహరణలు చెబుతాను. రసాయన శాస్త్రం, జంతు శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం చదివేవారు భీమవరం పరిసరాల్లోని వనామి రొయ్యల చెరువుల నీటి నాణ్యతను అధ్యయనం చేయవచ్చు. ఇందులో పద్ధతి తెలియకపోతే కొలతలన్నీ వృథా అవుతాయి. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి శ్వాసక్రియ మాత్రమే సాగుతుంది గనక, చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అత్యల్పంగా ఉంటుంది. విద్యార్థి తీరిగ్గా పదకొండు గంటలకు వెళ్లి కొలిస్తే రైతు ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఎందుకు తిప్పుతున్నాడో అతనికి ఎన్నటికీ అర్థం కాదు. ఒకే చెరువును, ఒకే చోట, ఒకే వేళకు, పంట కాలమంతా కొలిచినవారి దగ్గర చెప్పడానికి నిజమైన సంగతి ఉంటుంది.

భూగర్భ జలాల మీద పని చేయాలనుకునేవారికి కాలువలే మంచి అవకాశం ఇస్తాయి. దాళ్వా (రబీ) ముగిశాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, సార్వాకు (ఖరీఫ్‌కు) మళ్లీ వదులుతారు. తీరానికి దగ్గరగా ఉన్న గ్రామాల్లో బావులు, బోర్ల నీటి ఉప్పదనం కాలువ పారుతున్నప్పుడు ఎంత, కట్టేసినప్పుడు ఎంత అన్నది విద్యుత్ వాహకత కొలిచే చిన్న పరికరంతో తెలుసుకోవచ్చు. ఈ పనికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు గాని, కాలువ కట్టే రోజుకు ముందూ తరువాతా నమూనాలు తీసుకునేలా ప్రణాళిక ఉండాలి. కోరింగ అభయారణ్యంలో నమూనాలు సేకరించాలంటే మాత్రం అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, ఆ దరఖాస్తు కొన్ని నెలల ముందే పెట్టాలి.

వృక్ష శాస్త్రం, వ్యవసాయ సంబంధిత కోర్సులవారికి స్వర్ణ వంటి వరి వంగడాన్ని దేశానికి అందించిన మారుటేరు పరిశోధన కేంద్రం, పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, అంబాజీపేటలోని కొబ్బరి పరిశోధన కేంద్రం ఉన్నాయి. మత్స్య విభాగాలవారికి కాకినాడలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాఖ ఉంది. ఎంకాం, అర్థశాస్త్రం, సోషల్ వర్క్ విద్యార్థులు నరసాపురం లేసు అల్లే మహిళలకు చేతికందే కూలి ఎంత, మధ్యవర్తుల వాటా ఎంత అన్నది పరిశీలించవచ్చు. కౌలు రైతులకు బ్యాంకు రుణం ఎందుకు అందడం లేదో, కడియం నర్సరీల వ్యాపారం ఎలా నడుస్తోందో తెలుసుకోవచ్చు. తెలుగు, చరిత్ర విద్యార్థులకు రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో పుట్టింది ఆ ఊళ్లోనే. లంక గ్రామాల్లో పెద్దవారు చెప్పే వరదల జ్ఞాపకాలను రికార్డు చేసి, తేదీ, ఊరు, చెప్పినవారి వయసుతో సహా భద్రపరిస్తే అది రేపటి చరిత్రకారులకు ఆధారం అవుతుంది.

రైతుల దగ్గరికి, కూలీల దగ్గరికి వెళ్లేటప్పుడు పాటించవలసిన మర్యాద ఒకటుంది. కోతల వారంలో, చెరువు పట్టుబడి రోజున ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్లకండి. ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పండి, అనుమతి తీసుకున్నాకే రికార్డు చేయండి, నివేదికలో పేర్లు బయటపెట్టకండి. ఫలితాలు వచ్చాక ఒక పేజీ తెలుగులో రాసి వారికి తిరిగి ఇవ్వండి. ఆ ఒక్క పేజీ వల్ల మీ తరువాత వచ్చే విద్యార్థిని కూడా వారు ఆదరిస్తారు.

ఐదో మెట్టు: పరిశోధన సంస్థకు లేఖ రాయడం

శాస్త్రవేత్తలకు రాసే లేఖ వారి పనిని చదివి రాసినదై ఉండాలి. ఒకే లేఖను యాభై మందికి పంపితే జవాబు రాదు. మొదటి పేరాలో మీరెవరో, ఎక్కడ ఏ సెమిస్టరు చదువుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. రెండో పేరాలో వారి ఇటీవలి వ్యాసం ఒకటి పేర్కొని, అందులో మీకు కలిగిన సందేహాన్నో ఆసక్తినో రాయండి. మూడో పేరాలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరో, ఏ పని నేర్చుకోదలిచారో, వసతి మీరే చూసుకోగలరో లేదో స్పష్టంగా తెలపండి. ఒక పేజీ రెజ్యూమే జతచేయండి. పది రోజులు ఆగి, జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి.

అంగీకారం వచ్చాక విభాగాధిపతి గారి ద్వారా అధికారిక లేఖ, బోనఫైడ్ సర్టిఫికెట్, నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ పంపవలసి ఉంటుంది. ప్రతి సంస్థకూ తన నిబంధనలు ఉంటాయి, కొన్నిచోట్ల శిక్షణ రుసుము కూడా ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. ఓఎన్‌జీసీ, ఎరువుల కర్మాగారాలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు వంటి పరిశ్రమల్లో ఇంటర్న్‌షిప్ కోసమైతే మానవ వనరుల విభాగానికి రాయాలి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో నాణ్యత పరీక్షల ప్రయోగశాలలు ఉంటాయి గనక కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ విద్యార్థులకు అవి ఎంతో మంచి చోటు. మనవాళ్లు వాటిని తగినంతగా పట్టించుకోవడం లేదన్నది నా అభిప్రాయం.

ఆరో మెట్టు: ఆ ఒక్క వేసవి

సైన్సు అకాడమీల ఫెలోషిప్ రెండు నెలలు ఉంటుంది. దరఖాస్తుకు మార్కులతో పాటు, మీరు ఏం చేయదలిచారో తెలిపే చిన్న రచన, మిమ్మల్ని బాగా ఎరిగిన అధ్యాపకుని సిఫారసు కావాలి. నాలుగో మెట్టులో చెప్పిన పనిని అప్పటికి కొంచెమైనా మొదలుపెట్టి ఉంటే ఆ రచన దానంతటదే వస్తుంది. మొదలుపెట్టనివారి రచన ఆశయాల దగ్గరే ఆగిపోతుంది.

అమ్మాయిలను రెండు నెలలు దూరప్రాంతానికి పంపడానికి ఇంట్లో వెనుకాడడం మన దగ్గర తరచుగా కనిపిస్తుంది. ఆ భయాన్ని తీసిపారేయకుండా సమాధానం చెప్పాలి. ఆతిథ్య సంస్థ ఇచ్చే హాస్టల్ వివరాలు, గైడు పేరు, గతంలో వెళ్లివచ్చిన సీనియర్ అమ్మాయి ఫోను నంబరు తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. మీ అధ్యాపకులలో ఒకరిని ఇంటికి ఒకసారి ఫోను చేసి మాట్లాడమని అడగండి. అధ్యాపకులకు కూడా ఇదే నా విన్నపం. మీ ఒక్క ఫోను వల్ల ఒక విద్యార్థిని దారి మారిపోవచ్చు.

ఏడో మెట్టు: రాయడం, మాట్లాడడం

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఇంగ్లిషు రాదన్న బెరుకుతో సెమినారులో వెనుక బెంచీకి వెళ్లడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. విషయం తెలిసినవారికి భాష అందుతుంది, అయితే దానికి క్రమమైన సాధన కావాలి. మీ ప్రాజెక్టును ముందు తెలుగులో, ఇంట్లో అమ్మకు అర్థమయ్యేటట్టు అయిదు నిమిషాలు చెప్పండి. ఆ వరుసలోనే చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలు రాసుకుని, ఫోనులో రికార్డు చేసుకుని వినండి. వారానికి ఒక పరిశోధన వ్యాసం చదివి, దాని సారాంశాన్ని నూటయాభై మాటల్లో సొంతంగా రాయండి. నలుగురు మిత్రులు శనివారం సాయంత్రం ఒకచోట చేరి, వంతులవారీగా పది నిమిషాలు మాట్లాడి ప్రశ్నలు వేసుకుంటే ఒక్క సెమిస్టరులోనే తేడా కనిపిస్తుంది. స్లయిడు మీద పేరాలు పెట్టి చదవడం మానేయండి. ఒక బొమ్మ, ఒక పట్టిక, దాని గురించి మీ మాట ఉంటే చాలు.

చదవడానికి వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయి? 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ద్వారా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కళాశాలల విద్యార్థులకు ముప్ఫై అంతర్జాతీయ ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ లాగిన్ కోసం గ్రంథపాలకుణ్ణి అడగండి. ప్రైవేటు కళాశాలలవారు ఉచిత పత్రికలను, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగను వాడుకోవచ్చు. కావలసిన వ్యాసం దొరక్కపోతే రచయితకే మెయిలు రాస్తే చాలామంది సంతోషంగా పంపుతారు. చదివిన వ్యాసాల వివరాలను జొటేరో వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో మొదటిరోజు నుంచే భద్రపరచుకోండి. చాట్‌బాట్లను అడిగి రాయించుకున్న రిఫరెన్సులలో అసలు లేని వ్యాసాలు కూడా ఉంటాయి. మూలాన్ని తెరిచి చూడకుండా ఒక్కదానినీ నివేదికలో పెట్టకండి.

ఎనిమిదో మెట్టు: ప్రచురణలో జాగ్రత్త

పీజీ స్థాయిలో ప్రచురణ తప్పనిసరి కాదు. 2022 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీకి సైతం సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందు ప్రచురణ ఉండాలన్న షరతును తొలగించాయి. అందువల్ల ‘మూడు రోజుల్లో అచ్చువేస్తాం, రెండు వేలు కట్టండి’ అనే పత్రికలకు డబ్బు పోయవలసిన పని ఎవరికీ లేదు. యూజీసీ తాను గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితాను 2025లో ఉపసంహరించుకుంది గనక పత్రిక మంచిచెడులు తేల్చుకునే బాధ్యత ఇప్పుడు మీ మీద, మీ గైడు మీద పడింది. సంపాదక వర్గంలో ఉన్నవారు నిజంగా ఆ రంగంలో పనిచేస్తున్నారా, మీ గైడు ఆ పత్రికలో వ్యాసాలు చదువుతారా, సమీక్షకు ఎంత కాలం తీసుకుంటారు అన్నవి చూడండి. మనస్సాక్షికి సందేహం కలిగితే ఆగిపోండి.

గ్రంథచౌర్యం విషయంలో యూజీసీ 2018 నిబంధనలు ఇతరుల రచనలతో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదంటాయి. దానిని పది శాతం నకలు చేసుకోవడానికి అనుమతిగా భావించడం తప్పు. ఒక్క వాక్యమైనా ఇతరులదైతే వారి పేరు చెప్పి తీరాలి.

తొమ్మిదో మెట్టు: నెట్, సెట్, బోధన

పీజీ చివరి ఏడాదిలోనే యూజీసీ నెట్ రాయవచ్చు. వంద మార్కుల మొదటి పేపరు అందరికీ ఉమ్మడిది, రెండు వందల మార్కుల రెండోది మీ సబ్జెక్టుది. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు గనక ఏ ప్రశ్ననూ వదిలేయకండి. సీఎస్‌ఐఆర్ నెట్‌లో మాత్రం కోత ఉంటుంది. భాషా సబ్జెక్టులు మినహా నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీలలోనే ఉంటుంది. తెలుగులో పీజీ పరీక్షలు రాస్తున్న అర్థశాస్త్రం, చరిత్ర విద్యార్థులు పారిభాషిక పదాలను రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకుంటూ చదవాలి. నెట్ ద్వారా వచ్చే జూనియర్ పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆ పై సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు. ఇంటి మీద భారం లేకుండా పీహెచ్‌డీ చేయడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశాలకు పోటీపడవచ్చు. రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష అయిన ఏపీ సెట్ అర్హత మన రాష్ట్రంలోని కళాశాలల్లో సహాయ ఆచార్య పదవికి చెల్లుతుంది.

పీహెచ్‌డీలో చేరినవారు బోధన అనుభవాన్ని అడిగి మరీ తీసుకోవాలి. పరిశోధకులకు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియళ్లు, ప్రయోగశాల పని, మూల్యాంకనం అప్పగించవచ్చని 2022 నిబంధనలే చెబుతున్నాయి. పీజీ విద్యార్థులు జూనియర్లకు ప్రాక్టికల్స్‌లో సహాయపడటంతో మొదలుపెట్టవచ్చు.

చివరి మెట్టు: సిఫారసు లేఖలు

సిఫారసు లేఖ కోసం అధ్యాపకుల దగ్గరికి గడువుకు మూడు వారాల ముందే వెళ్లండి. మీ రెజ్యూమే, మార్కుల జాబితా, దరఖాస్తు చేస్తున్న సంస్థ వివరాలు, వారి దగ్గర మీరు చేసిన పనులను గుర్తుచేసే అర పేజీ కాగితం తీసుకువెళ్లండి. ‘మీరే రాసుకుని తీసుకురండి, సంతకం పెడతాను’ అంటే, ‘వాస్తవాలు నేను రాసి ఇస్తాను సార్, అభిప్రాయం మీ మాటల్లో ఉంటే నాకు మేలు జరుగుతుంది’ అని వినయంగా అడగండి. చాలామంది కాదనరు. ఫలితం వచ్చాక, అది ఏదైనా సరే, వారికి చెప్పండి. వచ్చే నవంబరులో మీ తరువాతి విద్యార్థి అదే గది తలుపు దగ్గర నిలబడతాడు.